నాన్నకు చెప్పను మేడమ్

"మహారాజ" సినిమా మొదటి అరగంట అందరినీ నవ్విస్తుంది. సెలూన్ నడుపుకునే ఒక మధ్యవయసు మనిషి పోలీస్ స్టేషన్‌కు వస్తాడు. ఇంట్లో దొంగలు పడ్డారు, లక్ష్మిని ఎత్తుకుపోయారు అంటాడు. లక్ష్మి ఎవరయ్యా అంటే చెత్తబుట్ట. పాత ఇనుప చెత్తబుట్ట. పోలీసులు నవ్వుతారు, విసుక్కుంటారు, చెయ్యి చేసుకుంటారు. వెతికిపెడితే లక్షలు ఇస్తానంటే మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఒప్పుకుంటారు. తెర మీద వాళ్లతోపాటు కుర్చీల్లో మనమూ నవ్వుతాం. పాపం, మనిషికి ఏదో తేడా చేసిందనుకుంటాం.

తర్వాత కథ ముందుకూ వెనక్కూ జరుగుతూ ఒక్కో ముడీ విప్పుతుంది. ఆ ఇంట్లో జరిగింది చెత్తబుట్ట దొంగతనం కాదు. బడికి వెళ్లే కూతురి మీద లైంగిక దాడి. ఆ మాట స్టేషన్‌లో నోరు తెరిచి చెప్పలేక, చెప్పి కూతుర్ని నలుగురి నోళ్లలో వెయ్యలేక, చేసినవాళ్లను తనే పట్టుకోవాలని అతను చెత్తబుట్ట కథ అల్లుకున్నాడు. అప్పటిదాకా నవ్విన హాలు ఒక్కసారిగా చప్పబడిపోతుంది. మొదట్లో మనల్ని అంతగా నవ్వించింది ఆ నిశ్శబ్దం కోసమే అనిపిస్తుంది.

ఈ పేజీలో మామూలుగా పరీక్షలు, హోంవర్కులు, సెల్‌ఫోన్ల గురించి రాస్తుంటాం. ఒక సినిమా గురించి, అదీ ఇలాంటి సినిమా గురించి తల్లిదండ్రుల పత్రికలో ఎందుకు అని మీరు అడగొచ్చు. ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ మన పిల్లలు ఆ సినిమా ఎప్పుడో చూసేశారు. 2024 జూన్ 14న అది తమిళంతోపాటు తెలుగులోనూ విడుదలైంది. నెల తిరగకుండానే, జులై 12న నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ లేని ఇళ్లలో రీల్స్ రూపంలో వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఎవడు ఎలా చచ్చాడో వరసగా చెప్పగలడు. పిల్లలు ఆ సినిమా చూడాలా వద్దా అన్న చర్చకు కాలం దాటిపోయింది. చూసినవాళ్లు ఏమనుకున్నారన్నదే ఇప్పుడు మిగిలింది. ఇంట్లో నాన్న అనుకున్నదీ కూతురు అనుకున్నదీ ఒకటి కావు. నేను రాసేది ఆ తేడా గురించి.

(సినిమా ఇంకా చూడనివాళ్ల కోసం చివరి ముడి మాత్రం విప్పకుండా వదిలేస్తున్నాను.)

ముందు చిన్న సంగతి. పెద్దవాళ్లలో చాలామంది మొదట అనేమాట "కథ తికమకగా ఉంది" అని. ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో తెలియలేదని ఒకరు, రెండోసారి చూస్తేగాని అర్థం కాలేదని ఇంకొకరు. దర్శకుడు నిథిలన్ సామినాథన్‌కు ఇది రెండో సినిమానే. అయినా ఎక్కడా తేదీ వెయ్యకుండా, రెండు వేర్వేరు కాలాలను పక్కపక్కనే పెట్టి, అంతా ఒకే రోజుల్లో జరుగుతోందని మనల్ని నమ్మించాడు. పిల్లలకు ఈ తికమక లేదు. రీల్స్ చూసి చూసి ముక్కలు కలుపుకోవడం వాళ్లకు అలవాటైపోయింది.

నిజానికి ఇది మనకూ కొత్త కాదు. మహాభారతం వరసగా ఎక్కడ నడుస్తుంది? శౌనకాది మునులకు సూతుడు చెప్తుంటాడు. అతను చెప్పేది జనమేజయుడికి వైశంపాయనుడు చెప్పిన కథ. ఆ జనమేజయుడు అప్పుడు ఏం చేస్తున్నాడు? తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కాటేశాడని పాములన్నిటినీ హోమంలో వేస్తున్నాడు. అంటే కొడుకు పగ తీర్చుకుంటున్న చోటే మొత్తం భారతం వినిపించారు. ఆ యాగాన్ని ఆపింది ఏ మహావీరుడో కాదు, ఆస్తీకుడనే కుర్రవాడు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ కథలో ఎక్కడా తికమకపడలేదు. కాబట్టి "నాకు అర్థం కాలేదు, నువ్వే చెప్పు" అని పిల్లల్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. వాళ్లు చెప్తారు. చెప్తున్నప్పుడు వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో, ఏ ముక్క వదిలేస్తున్నారో గమనించండి. మాటల కన్నా అదే ఎక్కువ చెప్తుంది.

కథ చెప్పే వరసను బట్టి మన చప్పట్లు కూడా మారతాయి. దుర్మార్గం ముందు చూపించి పగ తర్వాత చూపిస్తే ఈల వేస్తాం. 2002లో గాస్పర్ నోయె అనే దర్శకుడు "ఇర్రివర్సిబుల్" అని ఒక ఫ్రెంచ్ సినిమా తీశాడు. పెద్దవాళ్లే పూర్తిగా చూడలేని సినిమా. కాన్ చలనచిత్రోత్సవంలో చాలామంది మధ్యలో లేచి వెళ్లిపోయారు. అందులో కథ వెనక నుంచి ముందుకు వస్తుంది. ముందు పగ, ఆ తర్వాత దానికి కారణం. అందుకే ఆ పగ చూస్తున్నప్పుడు ఎవరికీ ఈల రాదు, కడుపులో తిప్పుతుంది. పైగా దెబ్బ తిని చచ్చినవాడు అసలు నేరం చేసినవాడు కానే కాదు. "మహారాజ" అంత దూరం పోదు. కారణాన్ని చివరిదాకా దాచి, అది తెలిసిన ఊపులోనే పగ చూపిస్తుంది. కన్నీళ్లు ఆరకముందే కత్తి లేస్తుంది. ఏడుస్తూనే చప్పట్లు కొడతాం. ఆ రెండూ కలిసిపోవడమే ఆ సినిమా బలం. నాకున్న అభ్యంతరం కూడా అక్కడే.

ఇక మన తండ్రుల మాటలకు వస్తాను. సినిమా వచ్చిన కొత్తలో ఎంతోమంది నాన్నలు స్టేటస్‌గా ఆ తండ్రి ఫోటో పెట్టుకున్నారు. కొందరు కూతురితో దిగిన ఫోటో పక్కన పెట్టుకున్నారు. చూస్తే ముచ్చటేసింది. ఆడపిల్ల పుట్టిందంటే మొహం మాడ్చుకునే రోజుల నుంచి ఇక్కడిదాకా వచ్చాం, చిన్న విషయం కాదు. ఒక్క మన దగ్గరే కాదు. 2024 నవంబర్ 29న ఆ సినిమా చైనాలో విడుదలైంది. అక్కడ దానికి పెట్టిన పేరుకు అర్థం మనం కర్మఫలం అంటామే, ఇంచుమించు అదే. భాష తెలియని ఊళ్లలో కూడా జనం ఆ తండ్రి కోసం టికెట్లు కొన్నారు.

ఒక పేరెంట్స్ మీటింగ్‌లో ఇంగ్లిష్ మార్కుల గురించి మాట్లాడుతూ మాటల్లో ఆ సినిమా వచ్చింది. ఒక తండ్రి గుండె మీద చెయ్యేసుకుని అన్నారు: "మేడమ్, నా బిడ్డ జోలికి ఎవుడన్నా వస్తే నేనూ అంతే. స్టేషన్లూ కోర్టులూ ఏంది? నరికి పారేసి నేనే పొయ్యి కూచుంటా జైల్లో." పక్కనున్న ఇద్దరు ముగ్గురు తండ్రులు తలూపారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఆ అమ్మాయి నాన్న పక్కనే నిలబడి ఉంది. తల ఎత్తలేదు. సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

ఆ నెలలోనే ఒక తరగతిలో సినిమా రివ్యూ రాయమని ఇంగ్లిష్ యాక్టివిటీ ఇచ్చాను. ఏ తరగతి, ఏ ఊరు అన్నది చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా. ఎవరికి నచ్చిన సినిమా వాళ్లు రాయొచ్చు. మగపిల్లలు సగం మంది "మహారాజ" ఫైట్లు రాశారు. ఒక అమ్మాయి, మీటింగ్‌లో తల దించుకున్న పిల్ల కాదు, వేరే అమ్మాయి, నాలుగు వాక్యాలు రాసింది. తెలుగులో చెప్పాలంటే: "ఈ సినిమాలో నాన్న చాలా మంచివాడు. మా నాన్న కూడా చాలా మంచివాడు. నాకు ఏదైనా జరిగితే నాన్నకు చెప్పను. అమ్మకు కూడా చెప్పను, అమ్మ నాన్నకు చెప్తుంది."

గ్రామర్ తప్పు ఒక్కటి లేదు. రెడ్ పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత పక్కకు పిలిచి అడిగాను. ముందు ఆ పిల్లకు ఏ ఇబ్బందీ లేదని, ఎవరూ వేధించడం లేదని తెలుసుకున్నాను. మా ప్రిన్సిపల్‌తో కూడా మాట్లాడి ఆ సంగతి రూఢి చేసుకున్నాం. ఆ తర్వాతే సినిమా మాట ఎత్తాను. ఎందుకలా రాశావమ్మా అంటే, "నాన్నకు చెప్పను మేడమ్. మా నాయన ఊరుకోడు. ఎవుర్నో ఒకర్ని కొట్టి జైలుకు పోతాడు. అప్పుడు అమ్మా తమ్ముడూ ఎట్టా బతకాల? దానికన్నా నేనే ఓర్చుకుంటే పోలా" అంది. ఏడవలేదు. లెక్క చేసి సమాధానం చెప్పినంత మామూలుగా చెప్పింది. సినిమా చూసి నాన్న నేర్చుకున్నది ధైర్యం. అదే సినిమా చూసి కూతురు వేసుకున్న లెక్క ఇది.

ఆ పిల్ల ఒక్కతే ఇలా అనుకుంటోందా అని తెలుసుకోవడానికి ఇంకో రోజు పేర్లు రాయకుండా చీటీలు వేయించాను. పెద్ద కష్టం వస్తే మొదట ఎవరికి చెప్తావు అన్నది ఒక్కటే ప్రశ్న. స్నేహితురాలు, అక్క, అత్త, అమ్మమ్మ అని వచ్చాయి. ఒకటి రెండింటిలో బస్సు ఆయమ్మ పేరు ఉంది. ఆడపిల్లల చీటీల్లో నాన్న మాట చాలా తక్కువ. నాన్నంటే ఇష్టం లేక కాదు. చీటీ వెనక ఒక అమ్మాయి రాసింది: "నాన్నకు బీపీ ఉంది." ఇలాంటి పిల్ల ఏ ఇంట్లో ఉందో అని మీరు ఆలోచించొద్దు. మీ ఇంట్లోనే ఉందనుకోండి, నష్టం లేదు.

ఒక్కసారి కూతురి వైపు నుంచి చూడండి. "నీ జోలికొస్తే నరికేస్తా" అన్నమాట నాన్న నోట రక్షణగా బయటికి వస్తుంది. కూతురి చెవికి అది షరతులా వినిపిస్తుంది. నేను నోరు తెరిస్తే నాన్న హంతకుడవుతాడు. నోరు మూసుకుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్ల మీద ఎంత బరువు పెడుతున్నామో చూడండి. పైగా హాని చేసేవాడు ఎప్పుడూ సినిమా విలన్‌లా బయటినుంచి గోడ దూకి రాడు. తెలిసినవాడై ఉంటాడు. మామయ్య వరస, ఇంటి ఎదురుగా ఉండే అన్న, నాన్నకు అప్పిచ్చినాయన. వాణ్ణి నాన్న నరికితే అత్త కాపురం ఏమవుతుంది, మన అప్పు ఏమవుతుంది అని పిల్ల అక్కడిదాకా ఆలోచిస్తుంది. బెదిరించేవాడికి కూడా ఈ సంగతి తెలుసు. "మీ నాన్నకు చెప్తే ఏం జరుగుతుందో తెలుసుగా" అంటే చాలు.

విజయ్ సేతుపతిని మన తెలుగు ఇళ్లు తండ్రిగా బాగా గుర్తుపెట్టుకున్నది "ఉప్పెన"లో, 2021లో. అక్కడ పరువు కోసం కూతురు ప్రేమించిన కుర్రవాడి మీద కత్తి పట్టే తండ్రి. "మహారాజ"లో కూతురి కోసం కత్తి పట్టే తండ్రి. ఒకణ్ణి చూసి తిట్టుకున్నాం, ఇంకొకణ్ణి చూసి దండం పెట్టాం. ఇద్దరూ ఒకటని నేను అనను. కానీ ఇద్దరూ కూతురి జీవితంలో అతి పెద్ద నిర్ణయాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ రెండు సినిమాల్లోనూ అన్నిటికన్నా బలమైన చోటు కూతురు మాట్లాడే చోటు. "ఉప్పెన" చివర బేబమ్మ తండ్రి ఎదుట నిలబడి మాట్లాడుతుంది. "మహారాజ" చివర జ్యోతి తనకు హాని చేసినవాణ్ణి తానే ఎదురుగా చూడాలని పట్టుబడుతుంది. అతని ముందు కూర్చుని, నేను విరిగిపోలేదని తెలిసేలా మాట్లాడుతుంది. నరుకుడు కన్నా ఆ మాటలే వాణ్ణి ఎక్కువ కుంగదీస్తాయి. మన పిల్లల ఫోన్లలో తిరిగే రీల్స్‌లో ఆ సీను నాకు కనబడలేదు. నరుకుడు మాత్రం రోజూ కనబడుతుంది.

సినిమాను తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. ఆడపిల్ల మీద జరిగిన ఘోరాన్ని ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేసే ట్విస్టుగా వాడుకున్నారన్నది వాళ్ల మాట. అందులో నిజం ఉంది. రెండు గంటల పైచిలుకు సినిమాలో జ్యోతి గురించి మనకు తెలిసేది తక్కువ. తండ్రి బాధే మనకు కనబడుతుంది. నా మాట అడిగితే, అది బాగా తీసిన సినిమా, ఆడపిల్ల గురించి తక్కువ తెలుసుకున్న సినిమా. ఇంకొకటి కూడా ఉంది, ఇది ఎవరూ పెద్దగా అనలేదు. నిజం తెలిసిన ఇన్‌స్పెక్టర్ కూడా చివరికి చట్టం దారి పట్టడు. నేరస్థుడు తండ్రి చేతికి చిక్కేలా చూస్తాడు. అక్కడ కూడా చప్పట్లే. పోలీసు కూడా పోలీసు పని చెయ్యడు అని ఒప్పుకున్నాకే మనకు ఆ సంతోషం దక్కుతుంది.

మన జిల్లా మట్టిలోనే దీనికి పాత కథ ఉంది. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన 13వ శతాబ్దంలో విరాటపర్వంతో మొదలుపెట్టి భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశారు. విరాటపర్వంలోదే కీచకవధ. తిక్కనను చదవనివాళ్లకు కూడా 1963 నాటి "నర్తనశాల" సినిమా తెలుసు, కీచకుడంటే ఎస్వీ రంగారావు, ద్రౌపది అంటే సావిత్రి. భీముడు కీచకుణ్ణి చంపుతుంటే మన తాతల కాలం నుంచి చప్పట్లే. దానికి ముందు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ద్రౌపది మొదట చీకట్లో భీముడి దగ్గరికి పోలేదు. నిండు సభకు పోయింది. రాజు ఎదుటే కీచకుడు ఆమెను తన్నాడు. విరాటరాజు నోరు మెదపలేదు. అక్కడే ఉన్న ధర్మరాజు వేషం బయటపడుతుందని ఆమెనే వెళ్లిపొమ్మన్నాడు. సభలో ఫిర్యాదు విననందుకే ఆమె రాత్రి వంటశాలకు పోయి భీముణ్ణి లేపింది. పగ తీరింది. తర్వాత? ఉపకీచకులు వచ్చి, నీవల్లే మా అన్న చచ్చాడని ద్రౌపదిని పాడెకు కట్టి శ్మశానానికి మోసుకుపోయారు. భీముడు మళ్లీ రావలసి వచ్చింది. పగ తీర్చుకున్న మొగుడు ఉన్నా ప్రాణం మీదికి వచ్చింది ఆమెకే. చప్పట్ల తర్వాత వచ్చే ఈ ఘట్టాన్ని మనం పిల్లలకు తొందరగా దాటించేస్తాం.

సినిమా వదిలేసి నిజంగా జరిగింది చూద్దాం. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో దిశపై జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత విచారణ జరిపి, ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని తన నివేదికలో చెప్పింది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చింది. అప్పటికి పూలు ఎప్పుడో వాడిపోయాయి. పూలు చల్లిన రోజున నేను చదువుకుంటున్న హాస్టల్లో కూడా చప్పట్లు మోగాయి. సరిగ్గా ఆ వారం నుంచే మా హాస్టల్ గేటుకు సాయంత్రం ఆరింటికే తాళం పడింది. లైబ్రరీకి పోవాలన్నా ఇంటి నుంచి ఫోన్ చేయించాలి. నేరం చేసినవాళ్లకు శిక్ష పడిందని అందరూ సంతోషించారు, తాళం మాత్రం మాకు పడింది. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందేమో చూసుకోండి. పెద్దవాళ్ల కోపం పెరిగినకొద్దీ పిల్ల తిరిగే చోటు తగ్గుతుంది. ముందు ట్యూషన్ మాన్పిస్తారు, తర్వాత ఫోన్ లాక్కుంటారు, పదో తరగతి కాగానే సంబంధాలు చూస్తారు. చెప్తే ఇవన్నీ జరుగుతాయని పిల్లలకు ముందే తెలుసు.

కోర్టుల్లో ఏళ్లు పడుతుంది, స్టేషన్లో విలువ ఉండదు, అందుకే జనానికి కత్తి నచ్చుతుంది అంటారు. కాదనను. కేసులు సాగుతాయి, నిజమే. కానీ చట్టంలో పిల్లల కోసం ఏమేం ఉన్నాయో తెలియకుండానే మనలో చాలామంది దాని మీద ఆశ వదిలేశాం. పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది, మగపిల్లలకు కూడా. పిల్లను స్టేషన్‌కు లాక్కెళ్లాల్సిన పని లేదు. ఇంట్లోనో, పిల్ల కోరుకున్న చోటో వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు. ఏ కారణంతోనూ రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్యపరీక్ష మహిళా డాక్టరే చెయ్యాలి, అమ్మో నాన్నో పిల్ల నమ్మిన ఇంకొకరో పక్కన ఉండొచ్చు. పిల్ల పేరు, ఊరు, ఫోటో, బడి పేరు ఏవీ పేపర్లో గానీ టీవీలో గానీ రాకూడదు. వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. "మహారాజ"లో తండ్రి దేనికి భయపడి చెత్తబుట్ట కథ చెప్పాడో, కాగితం మీదైనా ఆ భయం తీర్చడానికే ఈ సెక్షన్లు రాశారు. ఇవి అమలు కాని చోట అమలు చేయించడానికి కూడా తండ్రి కోపం పనికొస్తుంది. నాకు తెలిసి ఆ కోపానికి అంతకన్నా మంచి ఉపయోగం లేదు.

ఇంకో సంగతి. ఇలాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని అదే చట్టం అంటోంది. బడికీ అదే వర్తిస్తుంది. టీచర్‌గా నాకు తెలిసి నేను దాచిపెడితే అది నేరం. కాబట్టి పిల్లలతో "నాకు చెప్పు, ఎవరికీ చెప్పను" అని నేను ఒట్టు వెయ్యలేను, మీరూ వెయ్యకండి. "నీకు చెప్పకుండా ఒక్క అడుగు కూడా వెయ్యను, ఎక్కడికి పోయినా నీ పక్కనే ఉంటాను" అనొచ్చు. నిలబెట్టుకోగలిగిన మాట అది. ఇంట్లో చెప్పలేని పిల్లలకు 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫ్రిజ్ మీద గ్యాస్ ఏజెన్సీ నంబరు రాసిపెట్టుకుంటాం కదా, దాని పక్కనే ఇదీ రాయండి.

బెంగళూరులోనో చెన్నైలోనో పనిచేస్తూ నెలకోసారి ఇంటికొచ్చే తండ్రులు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రోజూ వీడియో కాల్‌లో "తిన్నావా, చదివావా" అయ్యాక "ఎవుడన్నా ఏమన్నా అంటే చెప్పు, వాడి సంగతి నేను చూస్తా" అంటారు. దానిలో రెండో సగం తీసేయండి. "ఎవరన్నా ఏమన్నా అంటే చెప్పు" అని ఆపేయండి. నా తరగతిలో తెలుసుకున్నదేమిటంటే, "వాడి సంగతి" అన్నమాట దగ్గరే పిల్లలు తలుపు మూసేస్తారు. ఎప్పుడైనా చిన్న విషయం, ఎవడో జడ లాగాడనో బస్సులో వెకిలిగా నవ్వాడనో చెప్తే, వెంటనే చెప్పులేసుకుని బయల్దేరకండి. ఆ చిన్న విషయం ఒక పరీక్ష. నాన్న కేకలేస్తాడా, కూర్చుని వింటాడా అని పిల్ల చూస్తోంది. అందులో మీరు పాసైతేనే పెద్ద విషయం మీదాకా వస్తుంది.

తల్లులు కొందరు నాతో అన్నది వేరు. ఇలాంటి సినిమాలు ఆడపిల్లలకు చూపించకూడదు, లేనిపోని భయాలు పెట్టుకుంటారని. నేను ఒప్పుకోను. భయం సినిమా పెట్టింది కాదు, ముందే ఉంది. ఆ పిల్ల నాలుగు వాక్యాలు రాయడానికి ఆ సినిమా ఒక సాకు ఇచ్చింది. అలాగని ఏడో తరగతి పిల్లకు చూపించమనీ అనను. 2024లో వచ్చిన సెన్సార్ నిబంధనల్లో యూఏ సర్టిఫికెట్‌ను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడుగా విడగొట్టారు. ఓటీటీలకు ఇలాంటి వయసు గుర్తులు 2021 నుంచే ఉన్నాయి. పదమూడు దాటిన గుర్తు ఉన్న సినిమాలకు తల్లిదండ్రులు లాక్ పెట్టుకునే వీలు కూడా ఉండాలని నిబంధన. ఎలా పెట్టాలో తెలియకపోతే మన కంప్యూటర్ ల్యాబ్ సార్ అయిదు నిమిషాల్లో చూపిస్తారు. రీల్స్‌కు మాత్రం ఏ లాకూ సరిగ్గా పనిచెయ్యదు, అది మీరే చూసుకోవాలి.

వచ్చే నెల నుంచి 8, 9 తరగతుల స్పోకెన్ ఇంగ్లిష్ పీరియడ్‌లో వారానికి ఒకరోజు "కథలో ఎవరి మాట మనకు వినబడలేదు" అనే చర్చ పెడుతున్నాను. "మహారాజ" సినిమా క్లాసులో చూపించం. కీచకవధతో మొదలుపెడతాం, సభలో ద్రౌపది ఏమడిగింది అన్న దగ్గర్నుంచి. మగపిల్లలు, ఆడపిల్లలు కలిసే కూర్చుంటారు. మీ పిల్లలు ఇందులో పాల్గొనడం మీకు ఇష్టం లేకపోతే డైరీలో ఒక మాట రాసి పంపండి, వాళ్లను ఆ పీరియడ్ లైబ్రరీకి పంపుతాం. ఇష్టమే అయితే ఏమీ రాయక్కర్లేదు. నాన్నలు ఎవరైనా వచ్చి వెనక బెంచీలో కూర్చుని వింటామంటే ముందురోజు ఆఫీసులో చెప్పండి, కుర్చీలు వేయిస్తాం.